ఎనిమిది వేల ఎనభై అయిదో గుమ్మం

"ఈ కంప్యూటర్‌ని బయటివాడెవడూ తాకలేడు మేడమ్. ఇది ప్రైవేట్ నెట్‌వర్క్," అన్నాడు ల్యాబ్ ఓనరు మూడోసారి.

ఒక మాట మూడుసార్లు అంటే నిజమైపోతుందని నమ్మే మనిషి ఆయన. మెడలో టై, జేబులో రెండు పెన్నులు. మనుషుల రక్తం పరీక్షించే వ్యాపారం పెట్టి, ఆ ఫలితాలన్నీ దాచే సర్వర్‌ని మాత్రం తడిగుడ్డల బకెట్ పక్కన పెట్టాడు. ఆ గదిలో ఇద్దరు పడతారు. అప్పటికి ఆరుగురం ఉన్నాం.

మంగళవారం మధ్యాహ్నం ఒక ప్రింటింగ్ ప్రెస్ యజమానురాలు ఇక్కడ రక్తం ఇచ్చింది. యాభై ఎనిమిదేళ్ళ మనిషి, కిడ్నీ జబ్బు. రక్తంలో పొటాషియం ఏడు పాయింట్ ఒకటి అని 3.52కి యంత్రం చూపించింది. ఏడు దాటితే గుండె ఏ క్షణాన్నయినా ఆగిపోవచ్చు. రిపోర్టులో మాత్రం నాలుగు పాయింట్ మూడు అని వచ్చింది. అది చూసిన డాక్టరు, అంతా బాగుంది ఇంటికి వెళ్ళి విశ్రాంతి తీసుకోండి అన్నాడు. ఆవిడ ఇంటికి వెళ్ళింది, పడుకుంది, మర్నాడు లేవలేదు.

అంకె మారింది 4.17కి. మార్చింది ల్యాబ్ టెక్నీషియన్ లాగిన్‌తో. కాబట్టి మార్చింది ఆ అమ్మాయే అని ఇన్‌స్పెక్టర్ గారు తేల్చారు. తేల్చడానికి ఆయనకి పట్టిన సమయం పావుగంట. ఆ పావుగంటలో టీ తాగిన సమయం కూడా ఉంది.

టెక్నీషియన్ తల్లి నా దగ్గరికి వచ్చింది. టెలిఫోన్ ఎక్స్‌ఛేంజి ఫాల్ట్ సెక్షన్‌లో ఇరవై ఆరేళ్ళు పనిచేసి, ఆ తర్వాత ఈ డిటెక్టివ్ బోర్డు తగిలించుకున్నాను. ఇన్‌స్పెక్టర్ నన్ను 'ఫోన్ల మేడమ్' అంటాడు. నేను ఆయన్ని ఏమీ అనను. అనటానికి ఏమైనా ఉండాలి కదా.

శుక్రవారం పొద్దున పదకొండుకి ఆయన నేరస్థలం పరిశీలన పెట్టుకున్నాడు. ముద్దాయిని తీసుకొచ్చి, ఫిర్యాదుదారు చేత సంతకం పెట్టించి, ఫైలు కట్టేయాలని. ముద్దాయి తరఫున నేనూ వచ్చాను.

ఫిర్యాదుదారు చనిపోయినావిడ సొంత తమ్ముడు. ప్రెస్‌లో కంప్యూటర్ పనులన్నీ ఆయనే చూసుకుంటాడట. మంగళవారం అక్కని ఇక్కడికి తీసుకొచ్చింది కూడా ఆయనే. "ఆ గదిలోకి నేను రాలేనండీ, ఆ అమ్మాయి మొహం చూడలేను," అని హాల్లో కుర్చీలోనే కూలబడ్డాడు. ఆ పొద్దున నేను మర్యాదగా మాట్లాడింది ఆయనొక్కడితోనే. మంచినీళ్ళు కూడా తెచ్చిచ్చాను.

"ఇక కానిద్దామా?" అన్నాడు ఇన్‌స్పెక్టర్ వాచీ చూసుకుంటూ. "గది తాళం ఈ అమ్మాయి దగ్గర. పాస్‌వర్డ్ ఈ అమ్మాయిది. 4.17కి ల్యాబ్‌లో ఉంది ఈ అమ్మాయి. ఇంకేం కావాలి మేడమ్ మీకు?"

"4.17కి ల్యాబ్‌లో ఎక్కడ ఉంది?"

"ల్యాబ్‌లో అంటే ల్యాబ్‌లోనే."

తలుపు దగ్గర మహిళా కానిస్టేబుల్ పక్కన నిలబడ్డ టెక్నీషియన్ వైపు తిరిగాను. ఇరవై ఏడేళ్ళుంటాయి. మూడు రోజులుగా అదే చుడీదార్. "నువ్వు చెప్పమ్మా."

"శాంపిల్ తీసే గదిలో ఉన్నానండీ. నాలుగేళ్ళ పాప. నరం దొరకలేదు. 4.14కి మొదలుపెట్టి 4.21 దాకా అక్కడే ఉన్నాను. వాళ్ళమ్మ పక్కనే ఉంది."

"పాప తల్లి మీకు స్టేట్‌మెంట్ ఇచ్చింది కదా ఇన్‌స్పెక్టర్ గారూ?"

"ఇచ్చిందండీ. పిల్ల ఏడుస్తుంటే తల్లికి ఏం తెలుస్తుంది? మధ్యలో ఒక్క నిమిషం ఇటొచ్చి మార్చేసి వెళ్ళుంటుంది."

"పిల్ల చేతిలో సూది అలాగే వదిలేసి?"

ఆయన మూతి ముడుచుకున్నాడు. ఇంత చిన్న ప్రశ్న తనకి తట్టలేదన్న బాధ ఆ మొహంలో ఎక్కడా లేదు. నేను తట్టించానన్న కోపం ఉంది.

"సరే, అయితే దెయ్యం మార్చిందా? ఈ కంప్యూటర్‌కి బయటితో సంబంధమే లేదని ఓనరు గారు చెబుతున్నారుగా."

"ఓనరు గారు ఈ బకెట్‌ని కూడా ఫర్నిచరే అంటారు," అన్నాను.

ఆరోవాణ్ణి ముందుకి రమ్మన్నాను. ఈ ల్యాబ్‌కి నెట్ వైరింగ్ చేసిన మనిషి. నడుముకి టూల్స్ సంచీ, మొహం నిండా అమాయకత్వం. పనిమీద శ్రద్ధ లేనివాళ్ళందరికీ ఆ మొహం ఉచితంగా వస్తుందనుకుంటాను.

"ఈ రూటర్ పాస్‌వర్డ్ ఏమిటి నాయనా?"

"అడ్మిన్ అండి."

"అది యూజర్‌నేమ్. పాస్‌వర్డ్ అడిగాను."

"అదీ అడ్మినే అండి."

"ఫ్యాక్టరీ నుంచి వచ్చినదాన్ని మార్చలేదా?"

"మారిస్తే మర్చిపోతామండి."

గోడకి తగిలించిన రూటర్ మీద వేలితో పేరు రాసుకునేంత దుమ్ముంది. నా ల్యాప్‌టాప్‌లో దాని సెట్టింగ్స్ పేజీ తెరిచాను. నాలుగో మెనూలో పోర్ట్ ఫార్వర్డింగ్ అని ఉంది. అందులో ఒకే ఒక్క వరస. పేరు: సార్ ఇల్లు. బయటి పోర్టు 8085. లోపలి చిరునామా 192.168.1.20.

"ఈ ఇరవై నంబరు మెషీన్ ఏది?"

టెక్నీషియన్ వేలితో చూపించింది. బకెట్ పక్కనున్నదే.

"'సార్ ఇల్లు' అంటే?"

వైరింగ్ మనిషి ఓనరు వైపు చూశాడు. ఓనరు సీలింగ్ వైపు చూశాడు.

"సారే పెట్టమన్నారండి. ఇంటి నుంచి రోజుకెన్ని రిపోర్టులయ్యాయో చూసుకుంటానని. తర్వాత పేషెంట్లు కూడా ఇంటి నుంచే రిపోర్టు చూసుకునేలా రసీదు మీద అదే అడ్రస్ అచ్చు వేయించారు."

"అది వెబ్‌సైట్!" అన్నాడు ఓనరు. "వెబ్‌సైట్ వేరు, సర్వర్ వేరు కదా?"

బకెట్‌కి కూడా సిగ్గేసి ఉంటుంది.

"వినండి," అన్నాను. "బయటి ప్రపంచానికి ఈ భవనమంతా కలిపి ఒక్కటే చిరునామా. లోపలున్న మెషీన్లకి లోపలి నంబర్లు. ఆ నంబర్లు బయటివాళ్ళకి తెలియవు, తెలిసినా పనికిరావు. అంతవరకు మీరన్న ప్రైవేట్ నెట్‌వర్క్ నిజమే. కానీ మీరేం చేశారు? ఎనిమిది వేల ఎనభై అయిదో గుమ్మం దగ్గరికి ఎవడొచ్చినా సరే, ఎవరు, ఎందుకు అని అడక్కుండా నేరుగా ఇరవై నంబరు మెషీన్ దగ్గరికి పంపించు అని ఈ రూటర్‌కి చెప్పారు. ఆ గుమ్మం అడ్రస్‌ని రసీదుల మీద అచ్చు వేసి ఊరంతా పంచారు. దీని తర్వాత కూడా ప్రైవేట్ అనాలంటే చాలా ధైర్యం కావాలి."

"అయితే మాత్రం?" అన్నాడు ఇన్‌స్పెక్టర్. "రిపోర్టు చూడొచ్చు. మార్చడానికి పాస్‌వర్డ్ కావాలిగా?"

ఈయన ప్రశ్నలు అడిగే పద్ధతే నాకు నచ్చుతుంది. జవాబు ముందు పెట్టుకుని మరీ అడుగుతాడు. మానిటర్ అంచున పసుపు కాగితం అంటించి ఉంది. దాని మీద టెక్నీషియన్ లాగిన్, కింద పాస్‌వర్డ్. ఎదురుగా గాజు కిటికీ. కిటికీ అవతల రసీదుల కౌంటరు.

"సారే అంటించమన్నారండీ," అంది టెక్నీషియన్ నెమ్మదిగా. "నేను లేనప్పుడు సార్‌కి కావాలని. వద్దన్నాను. నువ్వు నాకు చెప్పేంతదానివా అన్నారు."

నా ఫోన్‌లో వైఫై ఆపేశాను. మొబైల్ డేటాతో, రసీదు అడుగున ఉన్న అడ్రస్ కొట్టాను. రంగురంగుల పేజీ వచ్చింది. కింద చీమంత అక్షరాల్లో 'స్టాఫ్' అని ఉంది. అది నొక్కి, పసుపు కాగితం మీదున్నది చూసి టైప్ చేశాను. అరనిమిషం పట్టలేదు.

"ఇన్‌స్పెక్టర్ గారూ, పోయిన నెల పన్నెండున మీరు ఇక్కడ షుగర్ చూపించుకున్నారు."

ఆయన ఉలిక్కిపడ్డాడు.

"రెండొందల ఎనభై ఆరు. భోంచేయక ముందే! ఇంట్లో ఎంతని చెప్పారో నాకు తెలీదు. పోనీ నూట పది చేయమంటారా? ఈ బటన్ నొక్కితే చాలు. నొక్కింది ఈ అమ్మాయే అని కంప్యూటర్ రాసుకుంటుంది. తర్వాత మీరొచ్చి పావుగంటలో అరెస్టు చేసుకోవచ్చు."

మహిళా కానిస్టేబుల్ దగ్గొచ్చినట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

ఇన్‌స్పెక్టర్ తేరుకోవడానికి మాత్రం ఎక్కువసేపు పట్టలేదు. ఇలాంటివాళ్ళు అంత త్వరగా తేరుకునేది ఒక తప్పులోంచి ఇంకో తప్పులోకి వెళ్ళడానికే. "అయితే హ్యాకర్!" అన్నాడు వేలు పైకెత్తి. "నేను ముందు నుంచీ అనుకుంటూనే ఉన్నాను. ఏ దేశంలోనో కూర్చున్నవాడు. వాణ్ణి మనమెక్కడ పట్టుకుంటాం? గుర్తుతెలియని వ్యక్తులు అని రాసి..."

"రాయకండి. పెన్నులో సిరా దండగ."

సర్వర్ తన దగ్గరికొచ్చిన ప్రతివాడి చిరునామా రాసుకుంటుంది. ఆ జాబితాలో మంగళవారం తేదీ తీసి ఆయన మొహం ముందు పెట్టాను. బయటి నుంచి రిపోర్టులు చూసుకున్నవాళ్ళ చిరునామాలన్నీ వేటికవే వేరుగా, పొడుగ్గా ఉన్నాయి. టెక్నీషియన్ కూర్చునే మెషీన్ నుంచి వచ్చినవన్నీ 192.168.1.31 అని ఉన్నాయి. 4.17కి వచ్చినవాడి చిరునామా ఒక్కటే ఈ రెండు రకాల్లోనూ లేదు. 192.168.1.1.

"అదెవరి నంబరు?" అని వైరింగ్ మనిషిని అడిగాను.

"రూటర్‌దే అండి."

"రూటర్‌కి చేతులుండవు కదా, అదెలా టైప్ చేసింది?"

ఇరవై ఏళ్ళుగా ఈ పని చేస్తున్నాడట. ఇరవై ఏళ్ళుగా వైర్లు మాత్రమే లాగుతున్నాడని అర్థమైంది.

"నేనే చెబుతాను. బయటివాడు గుమ్మంలోంచి వస్తే వాడి సొంత చిరునామానే ఇక్కడ పడుతుంది. లోపలివాడు లోపలి నంబరుతో నేరుగా వస్తే వాడి లోపలి నంబరు పడుతుంది. కానీ ఒకడు ఈ భవనంలోనే, ఈ వైఫై మీదే కూర్చుని, రసీదు మీదున్న బయటి అడ్రస్ కొట్టాడనుకోండి. వాడి మాట గుమ్మం దాకా వెళ్ళి అక్కణ్ణుంచే వెనక్కి తిరుగుతుంది. అప్పుడు ఈ రకం రూటర్ వాణ్ణి తన పేరు మీద లోపలికి తీసుకొస్తుంది. అందుకే రూటర్ నంబరు పడింది."

"అంటే?" అన్నాడు ఇన్‌స్పెక్టర్. ఈసారి గొంతులో ఎగతాళి లేదు.

"అంటే మీ హ్యాకర్ ఏ దేశంలోనూ లేడు. మంగళవారం నాలుగుంబావుకి ఈ గోడకి అవతల హాల్లో కూర్చున్నాడు. లోపలి నంబరు తెలియని మనిషి. చేతిలో ఉన్నది రసీదే. వైఫై పాస్‌వర్డ్ హాల్లో గోడ మీద ఉంది. రెండో పాస్‌వర్డ్ కౌంటర్ దగ్గర నిలబడి కిటికీలోంచి చదువుకున్నాడు."

రూటర్‌లో ఇంకో పేజీ ఉంటుంది. వైఫైకి ఏ పరికరం ఎప్పుడు తగులుకుందో, ఎప్పుడు వదిలేసిందో అందులో ఉంటుంది. మంగళవారం 4.06 నుంచి 4.29 వరకు హాల్లో నాలుగు పరికరాలున్నాయి. మూడు ఫోన్లు. నాలుగోదాని పేరు ఇంగ్లీషులో 'ప్రెస్-ట్యాబ్' అని ఉంది.

ఆ పేరు చూడగానే నా మీద నాకే అసహ్యమేసింది. మంచినీళ్ళు తెచ్చిచ్చిన చెయ్యి ఇదే.

అంతకన్నా ఘోరం ఆ వరసలో పక్కనే ఉంది. ఇవాళ, 10.52 నుంచి. ఇంకా కనెక్షన్‌లోనే ఉంది.

"మేడమ్," అంది టెక్నీషియన్. ఆమె చూస్తున్నది రూటర్ పేజీ కాదు, పక్కనే తెరిచి ఉన్న సర్వర్ జాబితా. "కొత్తగా ఏదో వస్తోందండీ."

11.24. చిరునామా 192.168.1.1. టెక్నీషియన్ లాగిన్.

మేమంతా ఆ అమ్మాయి చేతుల వైపు చూశాం. రెండు చేతులూ కట్టుకుని ఉంది. ఇన్‌స్పెక్టర్ కూడా చూశాడు. ఆయన జీవితంలో కళ్ళతో చూసి నేర్చుకున్న మొదటి విషయం అదే అయ్యుంటుంది.

దాని కింద ఇంకో వరస. రిపోర్టు తెరిచారు. ఇంకో వరస. అంకె మార్చారు. ఇంకోటి. రిపోర్టు విడుదల చేశారు.

రూటర్ వెనక తీగలన్నీ ఒక్క గుంజు గుంజాను. లైట్లు ఆరిపోయాయి. కానీ విడుదల అన్న మాట అప్పటికే పడిపోయింది. విడుదలైన రిపోర్టు వెంటనే పేషెంటు ఫోన్‌కి వెళ్ళిపోతుంది.

"ఆ రిపోర్టు నంబరు ఇవాళ్టిది," అంది టెక్నీషియన్. "సార్, ఇవాళ పరీక్షలు ఎవరు చేశారు?"

"నేనే," అన్నాడు ఓనరు. "ఇంకా సంతకం చేయలేదు. చేద్దామనుకునేలోపు మీరంతా వచ్చేశారు."

నేను హాల్లోకి నడిచాను. పరిగెత్తలేదు. పరిగెత్తితే అతను లేచేవాడు. ఇన్‌స్పెక్టర్, ఆయన వెనక మిగతావాళ్ళు నా వెంటే వచ్చారు.

తమ్ముడు అదే కుర్చీలో ఉన్నాడు. ఒళ్ళో ట్యాబ్. నన్ను చూసి కళ్ళు తుడుచుకున్నాడు. ఆ కళ్ళు పొడిగా ఉన్నాయి.

"అయిపోయిందా అండీ? సంతకం ఎక్కడ పెట్టాలి?"

"ఆ ట్యాబ్ ఇలా ఇవ్వండి."

"ఎందుకు? ఇందులో అక్క ఫోటోలు..."

ఇన్‌స్పెక్టర్ అతని చేతిలోంచి లాక్కున్నాడు. లాక్కోవడంలో మాత్రం ఆయనకి ఎవరూ సాటిరారు. నెట్ పోయినా తెర మీద ఆఖరి పేజీ అలాగే నిలిచిపోయి ఉంది. పేషెంటు: చనిపోయినావిడ కూతురు. పరీక్ష: రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయం. ఫలితం: ఒకటి పాయింట్ మూడు.

ఆ కూతురికి ముప్ఫై ఏళ్ళు. చిన్నప్పుడే గుండెకి కృత్రిమ కవాటం వేశారు. రక్తం గడ్డకట్టకుండా రోజూ మాత్ర వేసుకోవాలి. తల్లి తర్వాత ప్రెస్‌కి, ప్రెస్ ఉన్న స్థలానికి ఆవిడొక్కతే వారసురాలు. ఆవిడ తర్వాత ఈ మేనమామ. నిన్న నేను ఫోన్ చేస్తే, "మా అమ్మని చంపినదాని తరఫున మాట్లాడే నోటితో నాతో మాట్లాడకండి," అని పెట్టేసింది.

"ఒకటి పాయింట్ మూడు అంటే ఏమవుతుంది?" అని ఓనరుని అడిగాను.

"కవాటం మీద గడ్డ కట్టబోతోందని. రక్తం పలచబడే ఇంజెక్షన్ వెంటనే వేస్తారు." ఆయన మొహం సున్నం కొట్టినట్టయింది. "కానీ ఆవిడది అంత తక్కువ లేదే. నేను చూశాను. చాలా ఎక్కువుంది. ఎంతో... ఎంతో గుర్తు రావట్లేదు."

"ఎక్కువుండగా ఆ ఇంజెక్షన్ వేస్తే?"

"లోపల్లోపల రక్తం పోతుంది. ఆపలేం."

కూతురికి ఫోన్ చేశాను. మూడో రింగుకి ఎత్తింది. స్పీకర్‌లో పెట్టాను.

"మళ్ళీ మీరా? రిపోర్టు కోసం హాస్పిటల్లోనే కూర్చున్నాను, ఇప్పుడే వచ్చింది. ఇంజెక్షన్ వేయించుకుంటున్నాను. తర్వాత..."

"వేయించుకోకండి. ఆ రిపోర్టు తప్పు. మార్చేశారు."

"తప్పేంటి? మామయ్య ఇప్పుడే మెసేజ్ పెట్టాడు. రిపోర్ట్ వచ్చింది, ఆలస్యం చేయకు, డాక్టరుకి చూపించి ఇంజెక్షన్ వేయించుకో అని. ఆయన అక్కడే ఉన్నాడు కదా, ఆయనకివ్వండి."

నేను జవాబు వెతుక్కునేలోపు, ఇన్‌స్పెక్టర్ చేతిలో కాలరు నలుగుతున్నవాడు ఫోన్ మీదికి వంగాడు. ఎంత ప్రేమగా పలికాడో ఆ మాట!

"వాళ్ళ మాట వినకు తల్లీ. ఆ టెక్నీషియన్ మనుషులు వీళ్ళు. నేను చెబుతున్నాగా, వేయించుకో."

ఇన్‌స్పెక్టర్ అతని నోరు మూశాడు. చప్పుడు వినే ఉంటుంది ఆవిడ. అవతలి నుంచి ఏదో స్టీలు ట్రే కదిలిన శబ్దం వచ్చింది.

"మామయ్యా?" అంది.

తర్వాత వేరే గొంతు. నర్సు. "హలో, ఎవరండీ మీరు? సూది చేతిలో పట్టుకుని ఉన్నాను. రిపోర్టు తప్పంటే సరిపోదు, అసలు నంబరు ఎంత?"

నేను ఓనరు వైపు చూశాను. రెండు పెన్నులున్న జేబు, ఒక్క అంకె లేని తల.

అప్పటికే టెక్నీషియన్ మా పక్కన లేదు. కానిస్టేబుల్ చెయ్యి విడిపించుకుని, శాంపిల్ గది దాటి, యంత్రాల గదిలోకి వెళ్ళిపోయింది. యంత్రం తను కొలిచింది తన దగ్గరే దాచుకుంటుంది, దాన్ని ఏ గుమ్మంలోంచీ ఎవరూ మార్చలేరు. ఆ సంగతి మూడు రోజులుగా ఆ అమ్మాయి అందరికీ చెబుతూనే ఉందట. ఎవరూ వినలేదు.

నేను ఫోన్ పట్టుకుని వెనకే వెళ్ళాను. ఆమె యంత్రం బటన్లు నొక్కుతోంది.

"ఆరు పాయింట్ రెండు," అంది ఫోన్‌లోకి. "టైము 10.41. ఇంజెక్షన్ వద్దు. ఇవాళ మాత్ర కూడా ఆపండి. డాక్టరుకి చెప్పండి."

"మీరెవరు?" అంది అవతలి నుంచి కూతురు.

ఆ అమ్మాయి నా వైపు చూసింది. చెప్పకు అని సైగ చేశాను. తెలిస్తే నమ్మదేమోనని నా భయం. ఆమె తల అడ్డంగా ఊపింది.

"మీ అమ్మగారి రక్తం పరీక్ష చేసినదాన్నండీ. అరెస్టు చేశారే, ఆ టెక్నీషియన్‌ని."

హాల్లో మేనమామ ఏదో అరుస్తున్నాడు. ఇక్కడిదాకా మాటలు అందడం లేదు.

"నంబరు మళ్ళీ చెప్పండి," అంది కూతురు.

"ఆరు పాయింట్ రెండు."

ట్రేలో సూది పెట్టిన శబ్దం స్పష్టంగా వినిపించింది.